గుడ్డు పెట్టి పాలిచ్చే జంతువు

పిల్లలూ! మీ ఇంట్లో కోడి ఉంటే అది గుడ్డు పెట్టడమూ, పొదగడమూ మీరు చూచే ఉంటారు. బర్రె గాని, మేక గాని ఉంటే అది ఈనడమూ, పిల్లకు పాలివ్వడమూ చూచే ఉంటారు. గుడ్డు పెట్టేవి పాలివ్వవు. పాలిచ్చేవి గుడ్డు పెట్టవు. ఈ సంగతి మనకు బడిలో ఎవరూ చెప్పనక్కరలేదు. మా లక్సెట్టిపేట వైపు పెద్దవాళ్ళు దీనికొక గుర్తు కూడా చెబుతారు. చెవులు బయటికి కనిపించేవి పిల్లల్ని కంటాయట, చెవులు కనిపించనివి గుడ్లు పెడతాయట. ఆవు, కుక్క, ఎలుక, గబ్బిలం, వీటన్నిటికీ చెవులున్నాయి. కోడి, బాతు, పాము, గోదావరి మడుగుల్లోని మొసలి, వీటికి చెవి డొప్పలు లేవు. చూచారా, ఎంత చక్కగా సరిపోయిందో!

ఇక ఈ జంతువును చూడండి. దీని మూతి బాతు ముక్కులాగా వెడల్పుగా ఉంటుంది. ఒంటినిండా నీటికుక్కకున్నట్టు దట్టమైన బొచ్చు. తోక బల్లపరుపుగా తెడ్డులాగా ఉంటుంది. కాలివేళ్ళ మధ్య బాతుకున్నట్టే తోలు. మగదాని వెనుక కాళ్ళకు కోడిపుంజుకున్నట్టు ముల్లు; ఆ ముల్లులో పాముకున్నట్టు విషం. ఇది కోడిలాగా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాక, ఆవులాగా వాటికి పాలిస్తుంది!

ఇది కట్టుకథ కాదు. దీని పేరు ప్లాటిపస్. ఆస్ట్రేలియా తూర్పు భాగంలోని వాగులలో, నదులలో, టాస్మానియా దీవిలో ఇది నేటికీ బ్రతికి ఉన్నది. మన హైదరాబాదు జూలో ఎంత వెదికినా మీకిది కనిపించదు.

నేను చేసిన తప్పు

దీన్ని గురించి చెప్పేముందు నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. అది 1987వ సంవత్సరం. అప్పటికి నేను కొత్తగా పంతులునైనాను. ఒక పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. పాలిచ్చే జంతువుల లక్షణాలన్నీ నల్లబల్లమీద వరుసగా వ్రాసి, "ఇవి పిల్లల్ని కంటాయి, గుడ్లు పెట్టవు" అని కింద గీత గీశాను.

వెనుక వరసలోంచి ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు.

"సార్, ఒకటున్నది సార్. గుడ్డు పెడ్తది, పిల్లకు పాలిస్తది. నేను చదివిన" అన్నాడు.

"ఎక్కడ చదివినవురా?" అని అడిగాను.

"కాగితంల సార్. పల్లీల పొట్లం కట్టిన కాగితంల" అన్నాడు వాడు. జేబులోంచి ఆ కాగితం తీయబోయాడు.

తరగతి అంతా గొల్లుమని నవ్వింది. నాకు కోపం వచ్చింది. "మీ ఇంట్ల కోడి పాలిస్తదారా? పల్లీల కాగితం చూసి నాకే పాఠం చెప్తవా?" అని, వాణ్ణి గంట కొట్టేదాకా బెంచీమీద నిలబెట్టాను. ఆ కాగితం కేసి నేను చూడనైనా చూడలేదు.

రెండు నెలల తరువాత ఉపాధ్యాయుల శిక్షణ కోసం కరీంనగరం వెళ్ళాను. ఒక సాయంత్రం అక్కడి గ్రంథాలయంలో జంతువుల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఒక పేజీలో ఈ బాతుముక్కు జంతువు బొమ్మ కనిపించింది. దానికింద వ్రాసినదంతా చదివాను. పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం!

మరునాడు కాదుగాని, బడికి తిరిగి వెళ్ళిన రోజున, తరగతిలో అందరిముందూ, "ఆనాడు వాడు చెప్పింది ఒప్పు, నేను చెప్పింది తప్పు" అన్నాను. నవ్విన పిల్లలు నోరు తెరిచి చూచారు. వాడు మాత్రం తల ఎత్తలేదు. ఆ ఏడాదంతా వాడు మళ్ళీ చెయ్యెత్తి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పంతులుగా, తరువాత ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాను. నా పాఠాలలో ఎన్ని మరిచిపోయినా ఆ గంట మాత్రం మరుపు రాలేదు.

అయితే ఈ జంతువు విషయంలో తెలిసినవాడి మాట వినకుండా తప్పు చేసింది నేనొక్కణ్ణే కాదు. నాకంటె ఎంతో గొప్పవాళ్ళు కూడా అదే తప్పు చేశారు. ఆ కథ వినండి.

ఎనభై అయిదేళ్ళ వివాదం

1797లో ఆస్ట్రేలియాలో ఇంగ్లీషువారి వలసకు జాన్ హంటర్ అనే ఆయన గవర్నరుగా ఉండేవాడు. ఆయన ఒకనాడు హాక్స్‌బరీ నది దగ్గరి మడుగు ఒడ్డున నిలబడి, ఒక ఆదివాసి వేటగాణ్ణి గమనించాడు. ఆ వేటగాడు చిన్న ఈటె పట్టుకుని, నీటిలోనుంచి ఒక జంతువు పైకి తేలేదాకా గంటకు పైగా కదలకుండా కాచుకున్నాడు. చివరకు గురి చూచి పొడిచాడు. హంటర్ అటువంటి జంతువు చర్మాన్ని 1798లో ఇంగ్లండుకు పంపాడు.

1799లో జార్జి షా అనే శాస్త్రజ్ఞుడు అటువంటి చర్మాన్ని పరీక్షించి, దాన్ని గూర్చి మొట్టమొదటగా వ్రాశాడు. కాని ఆయనకు మనసులో పెద్ద అనుమానం. ఆ కాలంలో కొందరు మోసగాళ్ళు కోతి మొండేనికి చేప తోక కుట్టి, "ఇది సముద్రకన్య" అని నావికులకు అమ్ముతూ ఉండేవారు. ఇది కూడా ఏ నీటి జంతువు చర్మానికో బాతు ముక్కు అతికించిన మోసమేమో అనుకున్నాడు షా. ఎంత జాగ్రత్తగా చూచినా అతుకు కనబడలేదు. అతుకు ఉంటే కదా కనబడటానికి!

జంతువు నిజమైనదే అని తేలింది. ఇక రెండో చిక్కు మొదలైంది. ఇది గుడ్డు పెడుతుందా? పిల్లను కంటుందా? పాలిస్తుందా? 1824లో జర్మనీలో మెకెల్ అనే ఆయన దీని పొట్ట చర్మం కింద పాలగ్రంథులు కనిపెట్టాడు. "పాలగ్రంథులుంటే పిల్లల్నే కనాలి" అన్నారు కొందరు. "లోపలి అవయవాలు పక్షుల వాటిలాగా ఉన్నాయి, గుడ్లే పెట్టాలి. అవి పాలగ్రంథులే కావు" అన్నారు మరికొందరు. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ దేశాల పండితులు ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు.

చిత్రమేమంటే, ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు అప్పటికే ఉన్నారు. వాళ్ళు ఆ నదుల ఒడ్డున వేల ఏళ్ళుగా బ్రతుకుతున్న ఆదివాసులు. మల్లంగాంగ్ అనీ, టాంబ్రీట్ అనీ వాళ్ళు దీన్ని తమ భాషలలో పిలిచేవారు. 1822లో అచ్చయిన ఒక ఉత్తరంలో, కూకూగాంగ్ అనే ఆదివాసి నాయకుడు, ఈ జంతువు రెండు గుడ్లు పెడుతుందని తమవారందరికీ తెలుసునని చెప్పినట్టు ఒక ఇంగ్లీషు వైద్యుడు వ్రాశాడు. గుడ్డు ఎంత ఉంటుందన్న విషయంలోను, గూడు ఎక్కడ కడుతుందన్న విషయంలోను ఆ ఉత్తరంలోని మాటలు సరికావు. కాని అసలు సంగతి మాత్రం ముమ్మాటికీ నిజం. పండితులు దాన్ని సాక్ష్యంగా అంగీకరించలేదు. అడవిమనిషి మాట అని ప్రక్కకు పెట్టారు. పల్లీల కాగితం అని నేను ప్రక్కకు పెట్టినట్టే!

మరి అరవై రెండేళ్ళు గడిచాయి. 1884లో కేంబ్రిడ్జిలో చదివిన విలియం కాల్డ్‌వెల్ అనే యువకుడు క్వీన్స్‌లాండులోని బర్నెట్ నది ఒడ్డున డేరాలు వేశాడు. జంతువులను వెదికి తెచ్చే పనికి ఆదివాసులనే పెద్ద సంఖ్యలో పెట్టుకున్నాడు. ఒకనాడు ఒక ఆడ ప్లాటిపస్ దొరికింది. అది అప్పటికే ఒక గుడ్డు పెట్టింది. రెండో గుడ్డు ఇంకా గర్భాశయం ద్వారం దగ్గర ఉన్నది. ఇంతకంటె రుజువేమి కావాలి? కాల్డ్‌వెల్ నాలుగే నాలుగు మాటల తంతి ఇచ్చాడు. ఈ జాతి జంతువులు గుడ్లు పెడతాయనీ, ఆ గుడ్డు లోపల పిండం ఏర్పడే తీరు పక్షిగుడ్డును పోలి ఉన్నదనీ ఆ తంతి సారాంశం. కెనడాలోని మాంట్రియల్ నగరంలో జరుగుతున్న శాస్త్రజ్ఞుల మహాసభలో 1884 సెప్టెంబరు 2న దాన్ని చదివారు. అదే రోజున ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో హాకే అనే మరొక శాస్త్రజ్ఞుడు ఎకిడ్నా అనే ముళ్ళ జంతువు గుడ్డును సభలో చూపించాడు. ఎకిడ్నా ప్లాటిపస్‌కు దగ్గరి చుట్టం.

ఈ రుజువు కోసం ఆ రోజులలో వందల జంతువులను చంపారు. అడిగి తెలుసుకుని, ఓపికతో వెదికి ఉంటే అన్ని ప్రాణాలు పోకపోయేవేమో.

కళ్ళు మూసుకుని వేట

ఇక ఈ జంతువు సంసారం ఎటువంటిదో చూద్దాం.

మగ ప్లాటిపస్ మూతినుంచి తోక చివరదాకా ఇంచుమించు అర మీటరు పొడవుంటుంది. ఆడది అంతకంటె చిన్నది. బరువు మామూలుగా ఒకటి రెండు కిలోలు. అనగా మన ఇంటి కోడి పాటి జంతువన్నమాట. బొచ్చు రెండు వరసలుగా ఉంటుంది. పై వరస తడిసినా లోపలి వరస తడవదు. అందులో చిక్కుకున్న గాలి దుప్పటిలాగా పనిచేస్తుంది. అందుచేతనే చలికాలపు చన్నీళ్ళలో గంటల తరబడి మునిగి తేలుతున్నా దాని ఒళ్ళు చల్లబడదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే దాని ఒంటి వేడి 32 డిగ్రీలే.

ఈదేటప్పుడు ముందుకాళ్ళే తెడ్లు. వెనుక కాళ్ళూ, తోకా చుక్కాని పని చేస్తాయి. ముందుకాళ్ళ వేళ్ళ మధ్య తోలు గోళ్ళకంటె ముందుకు సాగి ఉంటుంది. మరి ఒడ్డు ఎక్కి నడవాలన్నా, గోళ్ళతో మట్టి తవ్వాలన్నా ఆ తోలు అడ్డం రాదా? రాదు. ఒడ్డు ఎక్కగానే ఆ తోలును అరికాలి కిందికి మడుచుకుంటుంది.

దాని ముక్కు చూడటానికి బాతు ముక్కులాగా ఉన్నా, ముట్టుకుంటే గట్టిగా ఉండదు. తడిసిన తోలులాగా మెత్తగా ఉంటుంది. అసలు వింత ఆ ముక్కులోనే ఉన్నది. నీటిలో మునగగానే ప్లాటిపస్ కళ్ళు మూసుకుంటుంది. చెవుల రంధ్రాలు మూసుకుంటుంది. ముక్కు రంధ్రాలు కూడా మూసుకుంటుంది. చూపు లేదు, వినికిడి లేదు, వాసన లేదు. రాత్రివేళ, బురదనీటిలో, రాళ్ళ సందులలో దాగిన పురుగులను మరి ఎట్లా పట్టుకుంటుంది?

పిల్లలూ, ఏ ప్రాణి అయినా కండరం కదిలించినప్పుడు కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసే యంత్రం కాగితంమీద వంకర గీతలు గీస్తుంది చూడండి, అది కొలిచేది గుండె కండరపు విద్యుత్తునే. నీటిలో ఒక చిన్న రొయ్య తోక ఆడించినా అంతే. ఆ అణువంత విద్యుత్తును పసికట్టడానికి ప్లాటిపస్ ముక్కు చర్మంలో సుమారు 40,000 సూక్ష్మమైన గ్రాహకాలు ఉన్నాయి. నీటి కదలికను, స్పర్శను తెలుసుకునేవి మరి 60,000 దాకా ఉన్నాయి. తల అటూ ఇటూ ఊపుకుంటూ ఈదుతుంది. ఎటువైపు విద్యుత్తు ఎక్కువగా తగిలితే అటు తిరుగుతుంది.

దీన్ని శాస్త్రజ్ఞులు ఎట్లా రుజువు చేశారో తెలుసా? టార్చిలైటులో వేసేటటువంటి బ్యాటరీతో! నీటిలో పనిచేసే బ్యాటరీని దాచిపెడితే ప్లాటిపస్ దాన్ని వెదికి పట్టుకున్నది. అయిపోయిన బ్యాటరీని మాత్రం పట్టించుకోలేదు. ఈ సంగతి 1986లో ప్రకటించారు. అనగా, నేను ఆ పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించడానికి ఒక ఏడాది ముందు! లోకానికి ఇంకా కొత్త సంగతులు తెలుస్తున్న కాలంలో, అంతా నాకే తెలుసుననుకున్నాను నేను.

ఒక్క మునకకు అది అర నిమిషం మొదలు ఒక నిమిషం దాకా నీటిలో ఉంటుంది. దొరికిన పురుగులను, రొయ్యలను, వానపాములను వెంటనే తినదు. కోతిలాగా బుగ్గల సంచులలో దాచుకుని, పైకి తేలి, తీరికగా నములుతుంది. అయితే పెద్ద ప్లాటిపస్‌కు పళ్ళు లేవు. పిల్లగా ఉన్నప్పుడు వచ్చిన పళ్ళు రాలిపోతాయి. వాటి స్థానంలో గోరువంటి గట్టి పలకలు ఉంటాయి. తిండితోబాటు నోట్లోకి వచ్చిన సన్నని ఇసుక, గులకరాళ్ళు నూరడానికి సాయపడతాయి. ఇంకొక వింత: దీనికి మనకున్నట్టు జీర్ణరసాలు ఊరే పొట్ట లేదు. గొంతు గొట్టం ఇంచుమించు తిన్నగా పేగులోకే పోతుంది. ఇలా రోజుకు పది, పన్నెండు గంటలు మునిగి తేలుతూ వెదికితే గాని దానికి కడుపు నిండదు. మిగిలిన బలాన్ని కొవ్వుగా తోకలో దాచుకుంటుంది. ఒంటెకు మూపురం ఎట్లాగో దీనికి తోక అట్లా.

మగదాని ముల్లు సంగతి కూడా చెప్పాలి. జత కట్టే కాలంలో మగవి ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. అప్పుడు ఆ ముల్లులో విషం ఎక్కువగా ఊరుతుంది. ఆ విషానికి కుక్కవంటి జంతువు చచ్చిపోవచ్చు. మనిషి చావడు. కాని భరించలేని నొప్పి రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి ఉంటుంది. ఆసుపత్రులలో నొప్పికి ఇచ్చే అతి బలమైన మందు మార్ఫీను కూడా దానిమీద సరిగా పనిచేయదు.

తల్లి ప్లాటిపస్

గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడది ఏటిగట్టులో పొడవైన బొరియ తవ్వుతుంది. కొన్ని బొరియలు 20 మీటర్ల దాకా ఉంటాయి. తడి ఆకులను, గడ్డిని తోక కింద చుట్టిపట్టి, ఈడ్చుకుపోయి లోపల పరుస్తుంది. పొడి ఆకులు కాక తడి ఆకులే ఎందుకంటారా? గుడ్డు పెంకు తోలులాగా మెత్తగా ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డు ఎండిపోతుంది. బొరియలో అక్కడక్కడ మట్టితో అడ్డుకట్టలు వేసి దారి మూస్తుంది. వరదనీరు, శత్రువులు లోపలికి రాకుండా అదొక తలుపు.

గుడ్లు సాధారణంగా రెండు. ఒక్కొక్కటి నాటు రేగుపండంత ఉంటుంది. తల్లి తోకను పొట్టమీదికి మడుచుకుని, పొట్టకూ తోకకూ మధ్య గుడ్లను పెట్టుకుని, ముడుచుకుని పడుకుంటుంది. దాదాపు పది రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అప్పటికి వాటికి కళ్ళు తెరుచుకోవు, ఒంటిమీద వెంట్రుక ఉండదు. చిక్కుడు గింజ కంటె కాస్త పెద్దవి.

తల్లికి చనుమొనలు లేవు. పొట్టమీద రెండు చోట్ల చర్మంలోనుంచి పాలు చెమటలాగా ఊరి బొచ్చులోకి వస్తాయి. పిల్లలు వాటిని పీల్చుకుంటాయి. ఇట్లా మూడు నాలుగు నెలలు తల్లి పాలు త్రాగి, బొచ్చు వచ్చి, బలిసి, అప్పుడు బొరియ దాటి మొదటిసారి నీటిని చూస్తాయి.

మొదట మన పెద్దలు చెప్పిన గుర్తు జ్ఞాపకం ఉన్నదా? ప్లాటిపస్‌కు చెవి రంధ్రాలే గాని చెవి డొప్పలు లేవు. గుడ్లే పెడుతున్నది. పుస్తకాలను తికమక పెట్టిన జంతువు మన ముసలమ్మల గుర్తుకు మాత్రం లొంగింది! అయితే గుర్తును శాసనం అనుకోవద్దు. సముద్రంలోని తిమింగలానికి కూడా చెవి డొప్పలు లేవు, అయినా అది పిల్లనే కని పాలిస్తుంది.

మన గోండు సీమకూ దానికీ సంబంధం

ఇంతకూ పాలిచ్చే జంతువు గుడ్డెందుకు పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఆస్ట్రేలియా దాకా పోనక్కరలేదు. మన ఆదిలాబాదు రాళ్ళనే అడగవచ్చు.

కోట్ల ఏళ్ళ క్రితం ఇండియా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, దక్షిణ ధ్రువఖండం, ఇవన్నీ కలిసి ఒకే మహాఖండంగా ఉండేవి. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు గోండ్వానా. ఆ పేరు మన గోండుల సీమనుంచి వచ్చిందే! మధ్య భారతంలోని రాళ్ళ పొరలకు 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. తరువాత అది మహాఖండానికంతా వచ్చింది. మంచిర్యాల, శ్రీరాంపురం గనులలో తవ్వుతున్న బొగ్గు కూడా ఆ గోండ్వానా పొరలలోదే.

ప్రాణహిత, గోదావరి నదుల లోయలో 'కోట పొరలు' అనే రాళ్ళున్నాయి. అవి రాక్షసిబల్లుల కాలం నాటివి, సుమారు 17, 18 కోట్ల ఏళ్ళవి. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలను 1988లో యాదగిరి అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వర్ణించి, ఆ రాక్షసిబల్లికి కోటసారస్ అని పేరు పెట్టాడు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది. మీలో కొందరు చూచే ఉంటారు.

అదే కోట పొరలలో మరొక నిధి దొరికింది. అది పెద్దది కాదు; నువ్వుగింజంత పళ్ళు! మన్నును నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరితే ఈ పళ్ళు దొరుకుతాయి. వాటిలో ఒకదాన్ని 1981లో దత్తా అనే శాస్త్రజ్ఞుడు లోకానికి చూపించాడు. ఇండియాలో దొరికిన రాక్షసిబల్లుల కాలపు పాలిచ్చే జంతువులలో మొదటిది అదే. దానికి కోటథీరియం హాల్డేనీ అని పేరు. ఇండియాకు వచ్చి స్థిరపడిన జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ పేరు దానికి పెట్టారు. అవి చుంచెలుకంతటి జంతువులు. రాక్షసిబల్లులు నడిచే నేలలో, వాటి కాళ్ళకింద పడకుండా పురుగులు పట్టుకు తినేవి.

ఆ కాలపు చిన్న జంతువులు గుడ్లే పెట్టి ఉంటాయని శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు. ఎందుకంటే, పాలిచ్చే జంతువుల పూర్వీకులు గుడ్లు పెట్టేవే. ముందు గుడ్డు ఉన్నది. తరువాత పాలు వచ్చాయి. కడుపులో పిల్లను పెంచి కనడం ఇంకా తరువాత వచ్చింది. మన వంశం గుడ్డును వదిలిపెట్టింది. ప్లాటిపస్ వంశం వదిలిపెట్టలేదు. అది మనకు తాత కాదు. ఎప్పుడో వేరుపడిన దాయాదుల ఇల్లు. పాత ఆచారం ఒకటి ఆ ఇంట్లో ఇంకా మిగిలి ఉన్నది, అంతే. ఈనాడు అటువంటి జంతువులు ప్రపంచం మొత్తంమీద అయిదే రకాలు: ఒక ప్లాటిపస్, నాలుగు రకాల ఎకిడ్నాలు. దక్షిణ అమెరికాలో ప్లాటిపస్ చుట్టాల పాత పళ్ళు దొరికాయి. అందువల్ల ఆ వంశం గోండ్వానాలో ఎంత దూరం వ్యాపించి ఉండేదో మనకు తెలిసింది.

అది బ్రతకాలంటే

కోట్ల ఏళ్ళు బ్రతికి వచ్చిన ఈ వంశానికి ఇప్పుడు కష్టకాలం వచ్చింది. పూర్వం బొచ్చు కోసం దీన్ని వేటాడేవారు. ఆ వేటను చట్టం ఆపింది. ఇప్పటి శత్రువులు వేరు. ఆనకట్టలు నదిని ముక్కలు చేస్తున్నాయి. కరువు వస్తే మడుగులు ఎండిపోతాయి. రొయ్యలకోసం నీటిలో వేసే మూతబోనులో ప్లాటిపస్ దూరితే పైకి వచ్చే దారి లేక, ఊపిరాడక చచ్చిపోతుంది. పారేసిన రబ్బరు పట్టీలు, ప్లాస్టిక్ వలయాలు మెడకు చిక్కుకుని కోసుకుపోతాయి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని 'ముప్పుకు దగ్గరగా ఉన్న' జంతువుల పట్టికలో చేర్చింది.

అక్కడివారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ బోనులను విక్టోరియా రాష్ట్రం 2019లోను, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం 2021లోను నిషేధించాయి. సిడ్నీ దగ్గరి రాయల్ నేషనల్ పార్కు ఏటిలో సుమారు యాభై ఏళ్ళుగా ప్లాటిపస్ జాడ లేదు. 2023లో అక్కడ కొన్నింటిని తెచ్చి మళ్ళీ వదిలారు.

మన గోదావరిలో ప్లాటిపస్ లేదు. కాని అందులో నీటికుక్క ఉన్నది, తాబేలు ఉన్నది, మొసలి ఉన్నది. వలల ముక్కలు, ప్లాస్టిక్ దారాలు వాటి మెడకూ అట్లాగే చిక్కుకుంటాయి. ఏటి ఒడ్డుకు వెళ్ళినప్పుడు మీరు ఏదీ పారవేయకండి. తెగిన వలముక్క కనిపిస్తే పెద్దవాళ్ళ సాయంతో బయటికి లాగి, ఒడ్డుకు దూరంగా చెత్తకుండీలో వేయండి.

ఇంకొక పని కూడా చెబుతాను. మీ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు ఉంటారు. గొర్రెలు కాచేవాళ్ళు ఉంటారు. అడవికి పోయి తునికాకు కోసుకువచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దగ్గర కూర్చుని, నీటికుక్క ఎప్పుడు పిల్లలు పెడుతుంది, అలుగు ఏమి తింటుంది, తాబేలు ఎక్కడ గుడ్లు దాస్తుంది అని అడగండి. చెప్పింది ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. అందులో కొన్ని తప్పులుండవచ్చు. కూకూగాంగ్ మాటలోనూ ఉన్నాయి కదా! వ్రాసుకున్నదాన్ని పుస్తకంతో పోల్చి చూడండి. పుస్తకంలో లేకపోతే కళ్ళతో చూచి తెలుసుకోండి.

1987 తరువాత నా తరగతిలో ఎవరు ఏ వింత చెప్పినా నేను ఒకే మాట అనేవాణ్ణి: "ఎక్కడ చూసినవు? ఆ కాగితం తీసుకురా, కలిసి చూద్దాం." అట్లా తెచ్చిన కాగితాలలో సగానికి పైగా వట్టి అబద్ధాలే. అయినా ప్రతిదాన్నీ చదివాను. ఆనాటి పిల్లవాడు ఇప్పుడు నడివయసువాడై ఉంటాడు. ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఈ పేజీ ఎప్పుడైనా పల్లీల పొట్లమై అతని చేతికి చేరితే, తన మాటే నిజమని ఇందులోనూ చదువుకుంటాడు.